బ్యాచ్ విజయాల లెక్కలో లేని పిల్లలు

హైస్కూల్ నుంచి ఒక బ్యాచ్ బయటికి వెళ్తోందంటే అందరూ అడిగేవి రెండే: పాస్ పర్సంటేజీ ఎంత, టాపర్ ఎవరు? ఆ పిల్లలు కష్టపడ్డారు, మెచ్చుకోవాల్సిందే. అయితే నాలుగైదేళ్లు కలిసి చదివిన తరగతి ఎంత ఎదిగిందో తెలియాలంటే చివరి ఏడాది మార్కులు చాలవు. మొదట్లో ఎంతమంది చేరారు, ఏ స్థాయిలో చేరారు, చివరిదాకా ఎంతమంది నిలిచారు? ఇవి తెలియనంత వరకూ ఆ బ్యాచ్ గొప్పదో మామూలుదో చెప్పే వీల్లేదని నా అభిప్రాయం.

చిన్న లెక్క వేసి చూద్దాం. తరగతిలో 40 మంది, సగటు 50 మార్కులు అనుకోండి. సగటున 30 మార్కులు వచ్చే 10 మంది మధ్యలో చదువు మానేశారు. మిగిలిన 30 మందిలో ఎవరికీ ఒక్క మార్కు కూడా పెరగకపోయినా తరగతి సగటు దాదాపు 57కి చేరుతుంది. కాగితం మీద అది ప్రగతే. జరిగిందేమో పది మంది చదువు ఆగిపోవడం.

పెద్ద పరిశోధనలకూ ఈ లోటు తప్పలేదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 1957లో హైస్కూల్ పూర్తిచేసినవాళ్లలో మూడో వంతు మందిని, అంటే 10,317 మందిని ఎంచుకుని, పరిశోధకులు దశాబ్దాల పాటు వాళ్ల జీవితాలను గమనిస్తూ వచ్చారు. పై చదువులు, ఉద్యోగాలు, కుటుంబాలు, ముసలితనంలో ఆరోగ్యం దాకా అన్నీ అడిగారు. ఒక బ్యాచ్ గురించి ఇంత ఓపిగ్గా తెలుసుకున్న సందర్భాలు అరుదు. అయినా అందులో ఉన్నది చదువు పూర్తిచేసినవాళ్లే. మధ్యలో వెళ్లిపోయినవాళ్లకు మొదటి నుంచీ చోటు లేదు.

ఆ వెళ్లిపోవడం ఒక్కరోజులో జరిగేది కాదు. షికాగోలో హైస్కూల్ తొమ్మిదో తరగతితో మొదలై నాలుగేళ్లు ఉంటుంది. అక్కడి పరిశోధకులు 2005లో ఒక విషయం తేల్చారు. మొదటి ఏడాది కనీసం ఐదు కోర్సుల క్రెడిట్లు (కోర్సు పాసైతే ఇచ్చే పాయింట్లు) తెచ్చుకుని, ప్రధాన సబ్జెక్టుల్లో ఒక సెమిస్టర్‌కు మించి ఫెయిల్ కాని పిల్లల్లో 81 శాతం మంది నాలుగేళ్లలో చదువు పూర్తిచేశారు. మిగతావాళ్లలో 22 శాతమే. ఎవరు గట్టెక్కుతారో ఎనిమిదో తరగతి పరీక్ష మార్కుల కంటే ఈ కొలతే బాగా చెప్పింది. బ్యాచ్ భవిష్యత్తు చాలావరకు మొదటి ఏడాదే తేలిపోతుంటే, స్పెషల్ క్లాసులు, టెన్షన్, పెద్దల శ్రద్ధ అన్నీ చివరి ఏడాదికే దాచిపెట్టడం ఏం న్యాయం?

మార్కులకు అందని ఎదుగుదల కూడా ఉంటుంది. లెక్కల పేపర్లో మాటల్లో ఇచ్చిన ప్రశ్న కనిపిస్తే చాలు, ఖాళీగా వదిలేసే అమ్మాయిని తీసుకోండి. రెండేళ్ల తర్వాత అదే అమ్మాయి తెలియనిదాన్ని x అనుకుంది, సమీకరణం సరిగ్గానే రాసింది, మూడో మెట్టులో మైనస్ గుర్తు మర్చిపోయింది. జవాబు తప్పు. జవాబుకే మార్కులిచ్చే పరీక్షలో అప్పుడూ సున్నా, ఇప్పుడూ సున్నానే. కానీ పేపర్ దిద్దే టీచర్‌కు తెలుసు, ఈ సున్నా వేరు. ఇప్పుడు ఆ పిల్లకు ఏం నేర్పాలో స్పష్టంగా కనిపిస్తోంది. 90 దగ్గర మొదలై 92కి చేరిన పిల్లాడి కంటే ఈమె ప్రయాణమే పెద్దదని నేనంటాను. అలాంటి పాత పేపర్లు దాచి, ఏడాదికోసారి పక్కపక్కన పెట్టి చూసే అలవాటు ప్రతి బడికీ ఉండాలి.

చేరినవాళ్లందరినీ లెక్కలో ఉంచడం సాధ్యమే. నాలుగేళ్లలో హైస్కూల్ ఎంతమంది పూర్తిచేశారో లెక్కించడానికి అమెరికాలో 2008 నిబంధనలతో అన్ని రాష్ట్రాలకూ ఒకే పద్ధతి పెట్టారు. మొదటి ఏడాది చేరినవాళ్లను ఒక గుంపుగా తీసుకుంటారు, మధ్యలో వచ్చి చేరినవాళ్లను కలుపుతారు. వేరే బడికి మారారని చెప్పి ఎవరినైనా తీసేయాలంటే రాతపూర్వకమైన ఆధారం చూపాలి. ఊరికే రావడం మానేసిన పిల్లలు ఆ లెక్కలోంచి జారిపోరు. ఇందులోనూ ఒక ఇబ్బంది ఉంది. ఫెయిలై, ఆగి, మళ్లీ వచ్చి ఐదో ఏడాది పూర్తిచేసిన పిల్లాడు నాలుగేళ్ల లెక్కలో పూర్తిచేయనివాళ్లలోకే వస్తాడు. అందుకే ఐదేళ్ల లెక్కను కూడా దాని పక్కనే చూపించాలి. అలా తిరిగొచ్చినవాణ్ని కూడా ఆ బ్యాచ్ విజయంగానే రాయాలి, టాపర్ పేరు రాసిన పేజీలోనే.