5 రూపాయల భోజనం జనాన్ని సోమరుల్ని చేసిందా? ఆ మెసేజ్‌కి నా జవాబు

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో వారంలో మూడుసార్లు తిరిగిన మెసేజ్ ఇది, మీకూ వచ్చే ఉంటుంది. సంగతి ఇంతే: "దేశంలో ఇప్పుడు ఆకలి అన్నదే లేదు. ఫ్రీ బియ్యం, 5 రూపాయల భోజనం పెట్టి జనాన్ని సోమరుల్ని చేశారు, అందుకే నాట్లకు కూలీలు దొరకట్లేదు. బైకుల మీద వచ్చి మరీ తింటున్నారు. రేషన్ బియ్యం అమ్ముకుంటున్నారు. పెళ్లిళ్లలో పారేసే అన్నం పంచితే చాలు, ఈ పథకాలన్నీ దండగ." కింద దండం పెట్టే ఎమోజీలు నాలుగు. పంపిన బాబాయ్ అంటే నాకు గౌరవమే, కానీ ఇందులో ఒక్క ముక్క తప్ప మిగతాదంతా తప్పు. ఆ ముక్క దగ్గరికీ వస్తాను.

ముందు సోమరితనం, ఎందుకంటే అందరికీ నచ్చేది అదే. ఫ్రీ బియ్యం మనిషికి నెలకు 5 కిలోలు, తెలంగాణలో 6. సరే, ఆరే అనుకుందాం. రోజుకు 200 గ్రాములు, అంటే ఓ 700 కేలరీలు. ఒళ్లొంచి పనిచేసే మగమనిషికి రోజుకు 2,700 కేలరీల పైనే కావాలన్నది మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. పావు వంతు కడుపు నిండిందన్నమాట. మిగతా ముప్పావు ఎవరిస్తారు? పప్పు, నూనె, చింతపండు, గ్యాస్, ఇంటి కిరాయి ఏ కంట్రోల్ దుకాణంలో ఫ్రీగా ఇస్తున్నారో చెప్తే నేనూ సంచీ పట్టుకుని వెళ్తాను.

నాట్లకు మనుషులు దొరకట్లేదన్నది నిజమే, కానీ దానికి కారణం సోమరితనం కాదు. తెలంగాణలో వరి విపరీతంగా పెరిగింది, అందరికీ ఆ రెండు మూడు వారాల్లోనే నాట్లు పడాలి, కుర్రాళ్లేమో పట్నం పోయారు. అందుకే బీహార్, బెంగాల్ నుంచి కూలీల ముఠాలు దిగుతున్నాయి. మరి ఆహార భద్రతా చట్టం 2013 నుంచి దేశమంతటికీ ఉంది కదా, వాళ్ల రాష్ట్రాల్లోనూ ఇదే ఫ్రీ బియ్యం. ఆ బియ్యం తిన్నవాడు జనరల్ బోగీలో ఒంటికాలి మీద నిలబడి ఇంత దూరం వచ్చి మోకాలి లోతు బురదలో నాటు వేస్తుంటే, ఇక్కడివాడిని మాత్రం అదే బియ్యం సోమరిని చేసిందా? 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయలకు ఇచ్చినప్పుడూ ఇదే మాట అన్నారని మా నాన్న చెప్తాడు. ఆ తర్వాత నలభై ఏళ్లలో హైదరాబాద్‌లో లేచిన అపార్ట్‌మెంట్లన్నీ ఎవరు కట్టారు మరి, ఆ బియ్యం తిన్న పాలమూరు మేస్త్రీలు, కూలీలే కదా.

ఇక బైకుల సంగతి. హైదరాబాద్‌లో 5 రూపాయల భోజనం 2014లో మొదలైంది, ఈమధ్య ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చి పొద్దున టిఫిన్ కూడా పెడుతున్నారు. ఆంధ్రాలో అన్న క్యాంటీన్లు 2018లో తెరిచి, 2019లో మూసేసి, 2024లో మళ్లీ తెరిచారు. ఓసారి ఒక పెద్ద సర్కారు దవాఖానా ముందు లైన్లో నిలబడి నేనూ తిన్నాను. అన్నం, సాంబారు, కూర, పచ్చడి. సాంబారు పలచన, కానీ వేడిగా ఉంది. నా ముందున్నామె చేతిలో ఎక్స్‌రే కవరు. మొగుడు లోపల వార్డులో ఉన్నాడు, తొమ్మిది రోజులైందట. పేషెంటుకు లోపల అన్నం పెడతారు, తోడున్న మనిషికి ఎవరు పెడతారు? బయట హోటల్లో ప్లేటు మీల్స్ ధరకు పూటపూటా తింటే, మందుల ఖర్చు కంటే ముందు తిండి ఖర్చుతోనే అప్పు చేయాలి. వెనక ఇద్దరు డెలివరీ కుర్రాళ్లు, అవును, బైకుల మీదే వచ్చారు. ఆ బైకు వాళ్ల పనిముట్టు, దాని ఈఎంఐ కట్టడానికే మధ్యాహ్నం తిండిలో మిగుల్చుకుంటున్నారు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఉంటూ సర్కారు కొలువుల గ్రూప్స్ పరీక్షలకి చదివే పిల్లలదీ ఇదే కథ. ఒంటిగంటన్నరకల్లా గిన్నె అడుగంటింది, తర్వాత వచ్చినవాళ్లు వెనక్కి తిరిగారు. అలా తిరిగి వెళ్లినవాళ్ల ఫొటో ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

"ఆకలే లేదు" అన్నదానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రాలో 31.2. ఆడవాళ్లలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రాలో 58.8. కంచంలో అన్నం ఉంటుంది, పప్పు, గుడ్డు, కూర ఉండవు, మన దగ్గర ఆకలి ఇలాగే కనబడుతుంది. కార్డు లేనివాళ్ల సంగతి వేరే. దేశమంతా ఎందరికి బియ్యమివ్వాలన్నది ఇప్పటికీ 2011 జనాభా లెక్కల మీదే నడుస్తోంది. తెలంగాణలో ఏళ్లతరబడి కొత్త కార్డులు ఆగి 2025లో మళ్లీ ఇచ్చారు, ఈలోపు పెళ్లయి వేరు కాపురం పెట్టినవాళ్లూ పుట్టిన పిల్లలూ లెక్కలోనే లేరు.

ఇప్పుడు ఆ నిజమైన ముక్క: అవును, రేషన్ బియ్యం అమ్ముకున్నారు, కొన్నిచోట్ల ఇంకా అమ్ముతున్నారు. సందుల్లో కొనేవాళ్లు బండి మీద తిరగడం నేనూ చూశాను. కానీ ఎందుకు అమ్మారు? ఆ దొడ్డు బియ్యం తినబుద్ధి కాక, వచ్చిన డబ్బుకు ఇంకాస్త వేసి సన్నబియ్యం కొనుక్కోవడానికి. తెలంగాణలో 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. ఇక కొని, పాలిష్ పట్టి, లారీల్లో దాటించేవాడు పేదవాడు కాదు, వాడి మీద మాత్రం ఏ ఫార్వర్డూ రాదు.

పెళ్లి అన్నం గురించి. రాత్రి పదకొండున్నరకు ఫోన్ వస్తుంది, "రెండు డేగిసాల అన్నం ఉంది, తీసుకెళ్తారా" అని. నేను రెండుసార్లు వెళ్లాను. పులిహోర తెల్లారేదాకా ఆగుతుంది, సాంబారన్నం ఆగదు, మూత తీస్తేనే తెలిసిపోతుంది. ఆ టైములో ఆటో మాట్లాడుకుని, ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న మనిషిని లేపి తినమనాలి. తీసుకెళ్లి పంచేవాళ్లకు నిజంగా దండం, కానీ ముహూర్తాలు ఏడాదిలో కొన్ని రోజులే, ఆషాఢంలో అసలే లేవు. బాబాయ్, ఆ నెల ఏం తినమంటారు?