దగ్గంటే టీబీయేనా? పాత ఇంజక్షన్ల సంగతీ అడగండి

నల్లగొండలోనో పాలమూరులోనో ఎవరికైనా వారాల తరబడి పొడి దగ్గు ఉండి, ఎక్స్‌రేలో ఛాతీ లోపల గడ్డలు కనిపిస్తే ముందుగా వచ్చేది టీబీ మాటే. కీళ్ళ నొప్పులుంటే అవి ఫ్లోరైడ్ నీళ్ళ ఖాతాలోకి పోతాయి. చాలాసార్లు ఈ అంచనా నిజమే, కళ్లె పరీక్ష, టీబీ క్రిమి జన్యువుని పట్టే సీబీనాట్ పరీక్ష చేయాల్సిందే. నా అభ్యంతరమల్లా వాటిలో ఏమీ దొరకకపోయినా, హెపటైటిస్ అనే లివర్ జబ్బుకి ఇంటర్‌ఫెరాన్ ఇంజక్షన్లు వాడిన మనిషికి కూడా 'ఎందుకైనా మంచిది' అని టీబీ కోర్సు మొదలుపెట్టడం మీదే.

ఇంటర్‌ఫెరాన్ ఒంట్లోని రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టి వైరస్ మీదికి తోలే మందు. కొద్దిమందిలో ఆ రెచ్చగొట్టడం దారి తప్పి, రక్షణ కణాలే ఊపిరితిత్తుల్లో, చర్మంలో, లింఫు గ్రంథుల్లో చిన్న చిన్న గడ్డలు కడతాయి. అదే సార్కోయిడోసిస్. అరుదే, కానీ డాక్టర్లకు తెలియనిదేం కాదు. ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో వస్తుంది, ఒక్కోసారి కోర్సు అయిపోయాక కూడా. నీరసం, జ్వరం ఈ ఇంజక్షన్లతో ఎలాగూ ఉండేవే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పాత గాయపు మచ్చలు, పచ్చబొట్లు ఉబ్బడం కూడా దీని గుర్తే. మన ఊళ్ళల్లో పచ్చబొట్టు లేని ముసలమ్మ చేయి తక్కువే కదా, ఒకసారి చూస్తే ఏం పోతుంది?

టీబీ మాత్రల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్‌ని దెబ్బతీయగలవే, అసలే దెబ్బతిన్న లివర్‌కి అవసరం లేకుండా అవి ఇవ్వడం చిన్న తప్పు కాదు. పోనీ ఆర్‌ఎంపీ దగ్గర స్టెరాయిడ్ వేయించుకుంటే, లోపల టీబీయే ఉంటే అది చెలరేగుతుంది, హెపటైటిస్ బి ఉంటే వైరస్ పెరుగుతుంది. అందుకే గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష (బయాప్సీ) దాకా వెళ్ళాలి. ఇంటర్‌ఫెరాన్ ఆపేస్తే చాలామందికి గడ్డలు తగ్గిపోతాయి, కొందరికే డాక్టరు కనిపెట్టుకుంటూ స్టెరాయిడ్ ఇవ్వాల్సి వస్తుంది.

హెపటైటిస్ సి కి 2015 నుంచి మన దేశంలో సోఫోస్‌బువిర్ మాత్రలు చవగ్గా దొరుకుతున్నాయి, 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితంగానూ ఇస్తున్నారు, ఇంకా ఈ ఇంటర్‌ఫెరాన్ గోల ఎందుకు అనొచ్చు. కానీ హెపటైటిస్ బి లో కొందరికి ఇంటర్‌ఫెరాన్‌ని వారానికొక ఇంజక్షన్ చొప్పున 48 వారాలు ఇప్పటికీ ఇస్తున్నారు. పైగా మందు వాడకం తగ్గేకొద్దీ దాని దుష్ఫలితాన్ని చూసిన డాక్టర్లూ తగ్గుతారు, నా టెన్షన్ అదే. టీబీ పేషెంటుని షుగర్ ఉందా, పొగ తాగుతావా అని ఎలాగూ అడుగుతున్నారు. ఆ వరుసలోనే 'లివర్‌కి ఇంజక్షన్లు ఏమైనా వేయించుకున్నావా' అని ఇంకో మాట అడగమనే నేను అంటున్నది.