వేదిక మీది మహారాజా కుర్చీ గారికి బహిరంగ లేఖ

అయ్యా, మహారాజా కుర్చీ గారూ,

ఒంగోలు నుంచి కావలి దాకా ఏ ఊళ్ళో సువార్త సభలు పెట్టినా, బాడుగ సామాన్లలో ముందు బండెక్కేది మీరే. ఎర్ర వెల్వెట్టు, బంగారు రంగు చేతులు, వీపున తెల్ల టర్కీ తువ్వాలు. పాస్టర్లకు ప్లాస్టిక్ కుర్చీలు, జనానికి బరకాలు, మీకు నడిమధ్య చోటు. ఏ తొమ్మిదిన్నరకో నాయకుడొస్తాడు. ప్రసంగం మాట మధ్యలో తెగుతుంది. కీబోర్డు తమ్ముడు ఎవరూ చెప్పకుండానే స్వాగతం వాయిస్తాడు. శాలువా, దండ, ఫొటో అయ్యాక మైకులో బైబిల్లోని రోమా పత్రిక 13:1 మోగుతుంది: "ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను." పావుగంటలో ఆయన వెళ్ళిపోతాడు. మీరు ఖాళీగానే ఉంటారు, ఇంకెవరినీ కూర్చోనివ్వరు.

మీకు ఆ ఒక్క వచనమే కంఠతా వచ్చినట్టుంది. మూడు వచనాలు దాటితే అదే అధ్యాయం అధికారిని "దేవుని పరిచారకుడు" అంటుంది. పరిచారకుడికి వెల్వెట్టేమిటని మిమ్మల్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఇది రాసిన అపొస్తలుడు పౌలునే ఫిలిప్పీ పట్టణంలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి జైల్లో వేశారు. తెల్లారి న్యాయాధిపతులు గుట్టుగా వెళ్ళిపొమ్మని కబురు పంపితే ఆయన కదల్లేదు. అందరి ముందూ కొట్టించారు కదా, వాళ్ళే వచ్చి బయటికి తీసుకుపోవాలన్నాడు. వాళ్ళు వచ్చి బతిమాలుకున్నారు కూడా (అపొస్తలుల కార్యములు 16).

లోబడటానికి ఒక పద్ధతుంది, దానియేలును చూడండి. దర్యావేషు రాజు కొలువులో ఆయన పనిలో శత్రువులకే తప్పు దొరకలేదు. 30 రోజులు రాజుకు తప్ప ఎవరికీ విన్నపం చేయకూడదన్న శాసనాన్ని మాత్రమే కాదన్నాడు. తిరుగుబాటు చేయలేదు, అలాగని దాక్కోనూ లేదు. యెరూషలేము వైపు కిటికీలు తెరిచే ఉంచి, ఎప్పటిలాగే రోజుకు మూడుసార్లు మోకరించాడు. శిక్ష పడితే సింహాల గుహలోకి దిగాడు. మర్నాడు గుహలోంచే రాజు చిరకాలం జీవించాలని దీవించి, ఆ వెంటనే తన నేరమేమీ లేదనీ చెప్పాడు. మర్యాద తప్పలేదు, మాట దాచలేదు. మన వేదిక మీద మొదటి సగం దగ్గరే మైకు చేయి మారుతుంది.

అందరిదీ ఒకే దారి కాదులెండి. హెబ్రీయుల మగబిడ్డలను పుట్టగానే చంపమని ఐగుప్తు రాజు ఫరో ఆజ్ఞాపిస్తే, మంత్రసానులు షిఫ్రా, పూయా వాళ్ళను బతకనిచ్చి ఆయనకు సాకు చెప్పారు. అది అబద్ధమా కాదా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. దేవుడు మాత్రం వాళ్ళకు మేలే చేశాడు.

దూరా మైదానంలో బబులోను రాజు నెబుకద్నెజరు నిలబెట్టిన ప్రతిమ 60 మూరల ఎత్తు, అంటే సుమారు 90 అడుగులు. మన సెంటర్లో పుట్టినరోజు కటౌట్లు దాని మోకాలికి వస్తే గొప్ప. అక్కడా వాద్యాలు మోగగానే అందరూ వంగాలి, లేదంటే అగ్నిగుండమే. షద్రకు, మేషాకు, అబేద్నెగో అనే ముగ్గురు యూదులు వంగలేదు. తమ దేవుడు రక్షించగలడంటూనే, "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" మొక్కబోమన్నారు. సాక్ష్యాల కూటాల్లో జారిపోయేది ఈ ముక్కే. అది లేకపోతే మిగిలేది బేరం.

ఇది బబులోను సంగతే అనుకోకండి. 1860ల్లో ఈ ఒంగోలు సీమలోనే కొత్తగా బాప్తిస్మం పొందిన మాదిగ విశ్వాసులు జాతరకు డప్పు కొట్టం, ఆదివారం పనికి రాం అన్నారు. ఊరి పెద్దలు మంచినీళ్ళకు కూడా అడ్డం పడ్డారు. వాళ్ళ మునిమనవల సభలోనేనండీ, నాయకుడొచ్చే వేళకు రిథమ్ ప్యాడ్ మోగుతోంది.

యాకోబు పత్రిక రెండో అధ్యాయం మీ గురించే రాసినట్టుంటుంది: మంచి బట్టలవాడికి "నీవిక్కడ మంచి స్థలమందు కూర్చుండుము", బీదవాడికి "నీవక్కడ నిలువుము". అధికారుల కోసం ప్రార్థించమని తిమోతి పత్రిక చెప్పింది నిజమే, చేస్తాం. దానికి శాలువా అక్కర్లేదు.

కాబట్టి వచ్చే సభలకు మీరు కొట్లోనే ఉండండి. నాయకుడొస్తే మొదటి వరసలో ప్లాస్టిక్ కుర్చీ ఉంది. మీ చోట కీబోర్డు స్టాండు పెట్టుకుంటాం. ఇప్పుడది మెట్ల పక్కనుంటే వైరు ముసలాళ్ళ కాళ్ళకు తగులుతోంది.

ఇట్లు,
బరకాల మీద కూర్చున్నవాళ్ళు