దుర్గాబాయి పేరు చెప్పి పిల్లల చేత బడి మానిపిస్తారా?

దుర్గాబాయి దేశ్‌ముఖ్ జయంతి ఘనంగా చేశామంటూ చెన్నైలోని ఒక తెలుగు సంఘం మాకు ఫోటోలు పంపింది. చూశాం. శాలువాలు, గజమాల, వెనకాల ఫ్లెక్సీ. అందులో ఆవిడ కంటే ముఖ్య అతిథి మొహమే పెద్దది. సరే, దానికి మనం ఎప్పుడో అలవాటుపడ్డాం. మాకు ఒళ్లు మండింది వేదిక కింద నిలబడ్డ కార్పొరేషన్ బడి ఆడపిల్లల్ని చూసి. యూనిఫాంలో, చేతుల్లో పూల పళ్లేలతో. పొద్దున పదింటికి తీసుకొచ్చారట, అతిథి పన్నెండు దాటాక వచ్చారట.

అదీ జూలై 15న, బడి ఉన్న రోజున. తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి కామరాజ్ పుట్టినరోజు కూడా అదే కావడంతో తమిళనాడు బడులన్నీ దాన్ని విద్యాభివృద్ధి దినంగా జరుపుకుంటాయి. ఆ పూట మాత్రం ఈ పిల్లలకు బడి లేదు, పూల పళ్లేల డ్యూటీ ఉంది.

మహనీయుల గురించి పిల్లలకు తెలియాలి కదా అని నిర్వాహకులు అంటున్నారు. తెలియాలి, కాదనం. కానీ రెండు గంటలు నిలబెడితే వాళ్లకు తెలిసేది కాళ్ల నొప్పులే.

ఇంతకీ ఎవరి జయంతి ఇది? ఎనిమిదేళ్లకే పెళ్లి చేస్తే ఆ బంధం కాదనుకుని, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లొచ్చి, ఆ తర్వాత బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష ప్రైవేటుగా కట్టి, మన మద్రాసులోనే లా చదివిన మనిషిది. చదువు ఆగిపోయిన ఆడవాళ్లను మైలాపూర్‌లో కూర్చోబెట్టి అదే మెట్రిక్‌కు పాఠాలు చెప్పించింది, 1937 నాటి ఆంధ్ర మహిళా సభ అనే సంస్థ ఆ క్లాసుల్లోంచే పెరిగింది. 1958లో ఆడపిల్లల చదువు మీద కేంద్రం వేసిన కమిటీకి అధ్యక్షురాలు కూడా ఆవిడే. జీవితమంతా ఆడపిల్లను బడికి చేర్చడానికే పాటుపడిన మనిషి పేరు చెప్పి ఆడపిల్లల చేతే బడి మానిపించారు! ఒక్కపూటే కదా అంటారేమో. ఒక్కపూట మీకు. రేపు ఇంకో సంఘం, ఎల్లుండి ఇంకో నాయకుడి పుట్టినరోజు, అందరికీ పూలు పట్టుకోవడానికి దొరికేది ఆ కార్పొరేషన్ బడి పిల్లలే. వేదిక మీది పెద్దల మనవరాళ్లను ఫీజులు కట్టే స్కూళ్ల నుంచి క్లాసు మధ్యలో లేపి తెచ్చే ధైర్యం ఈ నిర్వాహకులకు ఉందా? ప్రిన్సిపాల్ గేటు దాటనివ్వరు. కార్పొరేషన్ బడి గేటుకు మాత్రం ఆ మర్యాద అక్కర్లేదా? పంపించిన బడివాళ్లనూ మేం వదిలిపెట్టం, పెద్దమనిషి ఫోన్ చేశాడని తరగతి ఖాళీ చేయడం ఏ రూల్‌లో ఉంది?

1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖాదీ ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరు దుర్గాబాయి. పద్నాలుగేళ్ల పిల్ల. టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది, నిర్వాహకులు టికెట్ కొనిచ్చాకే లోపలికి పంపింది. ఈ కథను ఆ సభలో ముగ్గురు వక్తలు చెప్పారట, మూడుసార్లూ చప్పట్లు కొట్టారట. పెద్దవాళ్లకైనా రూలు రూలే అని ఆ పిల్ల అంటే చప్పట్లు కొట్టినవాళ్లే, ఎదురుగా ఉన్న పిల్లల విషయంలో రూలు మరిచిపోయారు.

వచ్చే ఏడాది జయంతి చేయండి, కానీ పిల్లలకు వ్యాన్లు పంపకండి. అంత ప్రేమ ఉంటే సాయంత్రం బడి వదిలాక మీరే అక్కడికి వెళ్లండి, హెడ్‌మిస్ట్రెస్‌ని ముందుగా అడిగి మరీ. ఆ పూల పళ్లేలు మీరే మోసుకెళ్లండి.