మొద్దు కొలిచే టేపు గారికి

మహారాజశ్రీ టేపు గారికి,

నిన్న మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఐదు దాకా సామిల్లు రేకుల షెడ్డు కింద, నెత్తిన రంపపు పొట్టు పోసుకుంటూ మీ దర్శనం కోసం కూర్చున్న ఉద్దానం వాడిని. గుర్తుపట్టే ఉంటారు. మధ్యలో కరెంటు పోయింది. వచ్చేసరికి మేస్త్రీ భోజనానికి పోయాడు. వాటి మీద కోపం లేదు, అలవాటే.

మాది పనస మొద్దు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటిన పొద్దున పెరట్లో కూలిన చెట్టు. కొబ్బరీ జీడీ పోయినవి పోగా, ఈ మొద్దు ఒక్కటీ మా నాన్న పశువుల శాలలో దాచాడు, గుమ్మాలకు పనికొస్తుందని. ఆరి ఆరి తేనె రంగుకొచ్చింది.

"నాలుగు గుమ్మాలే కదా మాస్టారూ! మొద్దు మాకిచ్చీండి, సిద్ధంగా ఉన్న పనస గుమ్మాలు పట్టుకెళ్లిపోండి. అడుక్కి అడుగు మార్చీసుకుందాం" అన్నాడు యజమాని. అడుగంటే ఘనపుటడుగు. సరేనన్నాను.

అప్పుడు తమరు వేంచేశారు. చుట్టు నాలుగడుగులు, పొడవు ఎనిమిది. నాలుగులో నాలుగోవంతు ఒకటి. దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తే ఎనిమిదడుగులు.

అయ్యా, నేను ముప్పై ఏళ్లు పిల్లలకు వృత్త వైశాల్యం చెప్పినవాణ్ణి. నాలుగడుగుల చుట్టుకొలత ఉన్న మొద్దులో పదడుగుల పైన చెక్క ఉంటుంది, ఇంకా కచ్చితంగా కావాలంటే 10.19. నూటికి ఇరవై ఒకటిన్నర వంతు తమరు ఒక్క చుట్టు చుట్టి మింగేశారు. ఇదేమిటని అడిగితే "పొట్టూ బద్దలూ పోవేటండి మాస్టారూ?" అన్నాడు యజమాని. పోతాయి, కాదనను. ఎక్కడికి పోతాయి? పొట్టు బస్తాలకెక్కి పొయ్యిలకి, బద్దలు టీకొట్లకి. ఆ డబ్బులు ఎవరి గల్లాపెట్టెలోకి?

అదీ సర్దుకుందును. గుమ్మాలు కొలిచేటప్పుడు చూశాను నీ అసలు రూపం. నిలువులు ఏడేసి అడుగులు, అడ్డాలు మూడున్నరేసి, అయిదుకు మూడంగుళాల మందం. అక్కడ నాలుగోవంతు లేదు, చుట్టూ లేదు. ప్రతి అంగుళానికీ లెక్క కట్టావు, గుమ్మానికి 2.19 అడుగులు. అమ్మేటప్పుడు మొద్దుకు ఒక లెక్క, కొనేటప్పుడు చెక్కకు ఇంకో లెక్కా? మూడు గుమ్మాలొచ్చాయి. మిగిలిన అడుగున్నర చిల్లర కోత కూలికి చెల్లు. నువ్వు మింగిందెంత? సరిగ్గా 2.19. ఇంటికొచ్చి మూడుసార్లు వేశాను లెక్క. నాలుగో గుమ్మం నీ కడుపులో ఉంది!

నీ వంశం తెలీదనుకోకు. 1736లో ఇంగ్లండులో హొప్పస్ అనే సర్వేయరు అచ్చేయించిన పట్టికల లెక్క ఇది. దొరలు 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చి మన కొండల్ని తమ లెక్కలోకి వేసుకున్నారు. వాళ్లు పోయారు. 1956లో మీటర్ల చట్టమూ వచ్చింది. అడవుల్లో అనుమతి లేకుండా నడిచే సామిల్లులను 1996లో సుప్రీంకోర్టు ఆపించింది. ఇన్నింటిలోనూ నీ అంచు కూడా చిరగలేదు.

బొబ్బిలి దగ్గర వీణలు చేసే గొల్లపల్లికి తోలుంటే బాగుండేది ఆ మొద్దుని. అక్కడా తొలిచి తొలిచి సగం పైనే పారేస్తారు, ఒకే మొద్దులో తొలిచే ఏకాండీ వీణకి తప్పదు. కానీ మిగిలింది పాడుతుంది. నీ దగ్గర మిగిలింది రసీదు. దాని మీద కూడా టీ మరక.

మూడు గుమ్మాలు హాలుకీ, పడగ్గదులకీ సరిపోయాయి. దేవుడి గదికి పాత చీర కర్టెన్‌గా కట్టాం. ఊదొత్తుల పొగ హాల్లోకొచ్చి దగ్గొచ్చినప్పుడల్లా మా ఆవిడ నిన్నే తలుచుకుంటోంది. ఏ మాటలతోనో ఇక్కడ రాయలేను.

ఇట్లు,
రెండడుగులు తక్కువైనవాడు