మా పిల్లల మొహాలు ఎన్నాళ్లు దాచుకుంటారు సార్?

మా మండలంలో పోలీసులు మళ్లీ సీసీ కెమెరాల చందాలు మొదలుపెట్టారు. కిరాణా కొట్టు నుంచి రైస్ మిల్లు దాకా ఎవరినీ వదలరు. స్టేజీ కాడ స్తంభానికి బిగిస్తారు, మర్నాడు పేపర్లో ఫొటో. పోయినసారి పెట్టినదాని వైరు కోతులు తెంపి చాలా కాలమైంది, అది వేరే సంగతి. నాకు కెమెరాల మీద కోపం లేదు. బండ్లు, గొలుసులు పోయినప్పుడు వాటి వల్లే దొంగలు దొరికారు. నా గొడవ ఆ తర్వాతిది.

నల్లగొండ గడియారం సెంటర్ వైపు రాత్రి పూట పోరగాళ్లు బండి మీద కనిపిస్తే పోలీసులు ఆపుతారు. కాగితాలు చూడండి, కాదనం. ఆ తర్వాత ట్యాబ్ తీసి, మొహం మీద లైటు కొట్టి "ఇటు చూడరా" అని ఫొటో. చిన్న యంత్రం మీద వేలు పెట్టమంటారు. మా అన్న కొడుకు "ఎందుకు సార్?" అని అడిగితే "ఏం చేయనోడికి టెన్షన్ ఎందుకురా?" అన్నారట. పాత నేరస్తుల్లో లేడని తేలాక పొమ్మన్నారు. మరి ఆ ఫొటో ఉంచారా, తీసేశారా? చెప్పే నాథుడు లేడు.

తెలంగాణ పోలీసులు వాడే టీఎస్‌కాప్ యాప్ 2018లో వచ్చింది, మొహం గుర్తుపట్టే ఏర్పాటూ అదే ఏడాది కలిపారు. 2021 లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లో ఒక సామాజిక కార్యకర్తను ఆపి మాస్క్ తీయమన్నారు. తీయనన్నా ఫొటో తీశారు. ఆయన హైకోర్టుకు పోతే 2022లో సర్కారుకు నోటీసులు వచ్చాయి. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలతో 2017లోనే చెప్పింది. మన వ్యక్తిగత సమాచారాన్ని కాపాడాల్సిన 2023 డేటా చట్టమేమో నేరాల నివారణ, దర్యాప్తు అనగానే చాలా నిబంధనలను పక్కన పెట్టింది.

"పోలిక కలిస్తే ఏమవుతుంది, విచారించి వదిలేస్తారు" అనేవాళ్లకు మెదక్ గుర్తుచేస్తున్నా. 2023లో గొలుసు దొంగతనం కేసులో, సీసీ ఫుటేజీలో ఉన్నవాడిలా ఉన్నాడని ఒక కూలీని పట్టుకుపోయారు. స్టేషన్లో కొట్టారని చెప్పిన ఆ మనిషి తర్వాత ఆస్పత్రిలో చనిపోయాడు. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. అక్కడ ఉన్నది మామూలు ఫుటేజీయే. ఇప్పుడు అదే మాట ట్యాబ్ చెబితే ఎస్సై ఇంకా గట్టిగా నమ్మడా?

జనం ఎక్కువగా వచ్చిపోయే వ్యాపార సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డు దాచాలని 2013 ప్రజా భద్రత చట్టం చెబుతోంది. సేటుకు లెక్క ఉంది కదా, ట్యాబ్‌కు ఏది?

ఈసారి చందాకు వస్తే ఇస్తా. కానీ ఫుటేజీ ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు ఉంచుతారో, అన్యాయంగా ఆపితే ఎవరికి చెప్పుకోవాలో కాగితం మీద రాసి, స్టేషన్ ముద్ర వేసి ఇవ్వాలి. కుదరదంటే చందా బుక్కులో నా పేరు కొట్టేసుకోండి.