చుక్కల మహాకవికి విగ్రహం ఎప్పుడు?

తెల్లవాళ్ల పాలన మన సాహిత్యానికి ఏం ఇచ్చిందన్న విషయం మీద మొన్న నెల్లూరులో ఒక సభకు పోయాను. ఒకాయన నవల అన్నాడు. ఇంకొకాయన అచ్చుయంత్రం అన్నాడు. మూడో ఆయన బ్రౌన్ దొర నిఘంటువును పట్టుకుని టీ టైము దాకా లాగాడు. దొరల హయాంలో మన జిల్లాలో వెలువడిన అసలు సిసలు రచన గురించి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. లేచి అడుగుదామనుకునే లోపల బోండాలు వచ్చాయి. అందుకే ఆ మాట ఇక్కడ రాస్తున్నాను.

ఆ రచన పేరు రీసెటిల్మెంట్ రిజిస్టర్. రెవెన్యూ వాళ్లు ముద్దుగా ఆరెస్సార్ అంటారు. నూరేళ్ల కిందట మద్రాసు సర్కారు భూములు కొలిపించి, సర్వే నంబరు, విస్తీర్ణం, నేల తరం, శిస్తు, పట్టాదారు పేరు అని గళ్లు గీసి నింపించింది. సర్కారుదో ప్రైవేటుదో తేలని చోట, రైతు ఎవరో తెలియని చోట, పేరు ఉండాల్సిన గడిలో గుమాస్తా చుక్కలు పెట్టి పక్క నంబరుకు పోయాడు. అవే చుక్కల భూములు. వేరే జిల్లాల్లోనూ ఉన్నాయిగానీ, నెల్లూరు, ప్రకాశం వాళ్లకు ఆ మాట విప్పి చెప్పాల్సిన పన్లేదు.

మా పెదనాయనకు కావలి అవతల మెట్టలో రెండెకరాల చిల్లర ఉంది. వాళ్ల తాత దున్నాడు, నాయన దున్నాడు, ఈయన దున్నుతున్నాడు. శిస్తు రసీదులు ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య భద్రంగా ఉన్నాయి. పాస్ పుస్తకం ఉంది. దాని మీద బ్యాంకులో అప్పు తీసుకున్నాడు, తీర్చాడు కూడా. కూతురి పెళ్లికి ఎకరా అమ్ముదామని పోతే రిజిస్ట్రేషన్ కాదన్నారు. పాత రికార్డు చూసుకోమన్నారు. ఇంగ్లీషు చదివి పెట్టడానికి నేనూ వెంట పోయాను.

లోపలి గదిలోంచి పుస్తకం తెచ్చారు. కాగితం మూడోసారి కాచిన డికాక్షన్ రంగులో ఉంది. తిప్పితే అంచులు పొడుంలాగా రాలుతున్నాయి. మడతల దగ్గర సెల్లోటేపు. మా నంబరు మీద వేలు పెట్టి చూపించారు. అయిదు చుక్కలు. నాలుగు గుండ్రంగా ఉన్నాయి. అయిదోది కాస్త సాగింది, పాళీ ఎత్తకముందే చెయ్యి కదిలినట్టు. పై గడిలో ఒక పేరు, కింది గడిలో ఒక పేరు, నడిమధ్య మా వంశం.

“ఈ చుక్కలు ఎవరు పెద్దాయనా?” అన్నాడు ఆఫీసాయన. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

“మా తాత సామీ.”

“ఆ మాట ఇందులో లేదే.”

“ఆ పొద్దు మా తాత యాడికి పోయాడో ఏందో. గొడ్లు తోలుకపోయుంటాడు.”

ఇప్పుడు సాహిత్య విమర్శకు వద్దాం. తిక్కన సోమయాజి ఇదే నెల్లూరి గడ్డ మీద భారతంలో 15 పర్వాలు తెనిగించాడు. ఎంత శ్రమ పడ్డాడో పాపం! ఆయన పద్యాల వల్ల ఇంతవరకూ ఒక్క రిజిస్ట్రేషనూ ఆగలేదు, ఒక్క పెళ్లీ వాయిదా పడలేదు. పేరు కూడా తెలియని ఈ గుమాస్తా ఒక్క అక్షరం రాయకుండా ఆ రెండూ సాధించాడు. చెప్పకుండా చెప్పడమే ధ్వని అని మన ఆలంకారికులు తెగ కొట్టుకున్నారు కదా, ఇంతకు మించిన ధ్వనికావ్యం ఎక్కడుంది? నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలిన ఖాళీని పూరించడానికి అద్దంకి రెడ్డిరాజుల దగ్గరున్న ఎర్రన రావాల్సి వచ్చింది. దానికి సుమారు మూడొందల ఏళ్లు పట్టింది. ఆ లెక్కన మా పెదనాయన ఖాళీకి ఇంకా రెండొందల ఏళ్ల గడువుంది. తొందరపడితే ఎట్టా?

మతానికీ ఈ గ్రంథం సేవ చేయకపోలేదు. వేదాన్ని అపౌరుషేయం అంటారు, ఎవరు రాశారని అడగకూడదు. ఆరెస్సార్ కూడా అంతే. అది శ్రుతి. 2017లో వచ్చిన చుక్కల భూముల చట్టం స్మృతి. దాని మీద వచ్చే సర్క్యులర్లు భాష్యాలు. అర్థం తెలిసిన పండితులు ఆఫీసు బయట వేపచెట్టు కింద బల్లలేసుకుని కూర్చుంటారు, దక్షిణ బల్ల కింద తీసుకుంటారు. 1984లో ఊళ్లలో కరణాలను తీసేశారు. మనిషిని పంపించేయగలిగారుగానీ అతని హయాంలో పడ్డ చుక్కను కదిలించలేకపోయారు.

దొరలందరినీ ఒకే గాటన కట్టడం మాత్రం పాపం. ఒంగోలులో క్లౌ దొర ఉండేవాడు, అమెరికా మిషనరీ. 1876 నాటి కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఆయన మిషన్ వాళ్లు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. 2,221 కాదు, 2,223 కాదు. అంతకు ముందు ఊరు కూడా లెక్కపెట్టని మనుషులను ఆయన అంత కచ్చితంగా లెక్కపెట్టాడు. అదే జిల్లాల్లో పొలం గట్టున నిలబడ్డ ఒక్క మనిషిని లెక్కపెట్టడం సర్కారు గుమాస్తా వల్ల కాలేదు.

మా గొడ్ల సంగతి ఇంకా నయం. ఒంగోలు జాతి పశువులు ఓడెక్కి బ్రెజిల్ పోయి అక్కడ నెలోర్ అని మన ఊరి పేరే పెట్టుకున్నాయి. ఆ జాతిలో వియాటినా-19 అనే ఒక్క ఆవుకు 2023లో 40 లక్షల డాలర్ల పైన విలువ కట్టారు. దానికి తల్లి పేరు, తండ్రి పేరు, తాత పేరు రాసిన కాగితాలుంటాయి. దాని ముత్తాతలు మేసిన మెట్టకు మాత్రం అయిదు చుక్కలు. మా పెదనాయన తాత గొడ్లను తోలుకుపోకుండా, ఆ గొడ్లతోబాటే ఓడెక్కుంటే ఆయనకూ ఒక సర్టిఫికెట్ దక్కేది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి, వ్యాసానికి కొంచెం ఇబ్బందే అయినా. దొరలున్నన్నాళ్లూ ఆ చుక్కలు మా ఇంట్లో ఎవరినీ కరవలేదు. వాళ్లకు శిస్తు అందితే చాలు, చుక్క కట్టినా పుచ్చుకునేవాళ్లు. దొరలు పోయాక దాదాపు డెబ్బై ఏళ్లు పుస్తకంలో పడి నిద్రపోయాయి. 2016లో మన సర్కారే వాటిని లేపి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, అంటే 22ఎ నిషేధిత జాబితాలో, కూర్చోబెట్టింది. నూరేళ్లుగా ఎదురుగా దున్నుతున్న మనిషి మాట చెల్లలేదు. నూరేళ్ల కిందట ఎండకు విసిగిన ఎవరి పాళీయో చెల్లింది. రాజుగారి పాలన పోయిందని ఆగస్టు 15న మనం ఆ ఆఫీసు ముందే చాక్లెట్లు పంచుకుంటాం. బీరువాలో ఆయనగారి గుమాస్తా ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు, పెన్షన్ కూడా అడగకుండా.

మా జిల్లాకు చుక్కలతో పోరాటం కొత్త కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాచుక్క మీద తిరగబడితే మరుసటి ఏడాదికల్లా రాష్ట్రమంతా సారా బందైంది. సిరాచుక్క గట్టిది, దానికి చీపురుకట్టలు చాలవు. మా పెద్దమ్మ రోజూ తెల్లారి వాకిట్లో 11 చుక్కల ముగ్గేస్తుంది, మధ్యాహ్నానికి కోళ్లు చెరిపేస్తాయి. ఆ కోళ్లను ఆ రికార్డు గదిలోకి తోలితే సరిపోతుందని ఆమె సలహా. నాకైతే సబబుగానే తోచింది.

2023 మే 12న కావలిలో అప్పటి ముఖ్యమంత్రి సభ పెట్టి, రాష్ట్రంలో 2 లక్షల ఎకరాల పైచిలుకు చుక్కల భూములను ఆ జాబితా నుంచి తీసేశామని చెప్పారు. మా పెదనాయన నంబరూ అందులో ఉంది. మాకు సంతోషమే. కానీ సాహిత్యలోకానికి జరిగిన నష్టం గురించి ఎవరూ ఆలోచించలేదు. అందుకని నా విన్నపం: ఆ అజ్ఞాత మహాకవికి నెల్లూరు కలెక్టరేట్ ఎదుట ఒక విగ్రహం పెట్టాలి. ముఖం తెలియదు కనక ముఖం ఉండాల్సిన చోట అయిదు రంధ్రాలు చాలు.

పోయిన నెల పెదనాయన చేతికి కొత్త కాగితం వచ్చింది. కంప్యూటర్‌లో తీసింది, తెల్లగా, మడత పడకుండా. కళ్లజోడు తెచ్చుకుని, మంచం మీద కూర్చుని, తన పేరు రెండుసార్లు పైకి చదువుకున్నాడు. తప్పుల్లేవు. దాని కింద తండ్రి పేరు అన్న గడి ఉంది. అందులో వరసగా చుక్కలున్నాయి.

నాకు ఒళ్లు మండింది. ఇప్పుడే పోయి అడుగుదాం పదమన్నాను. ఆయన కాగితాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి గడియ వేశాడు.

“పోనీలే అబ్బయ్యా. మా నాయన దొరల కాలం మనిషి. ఆయనకి అలవాటేలే.”